టైగర్ సమక్షంలో తువ్వాలు

పొదిలి పక్కన కౌలుకు మిరప వేసే నాగూర్ వలి ఏ పనీ ఆలోచించకుండా చేయడు. ఆయన ఆలోచించి చేసిన పనుల వల్లే ఇంటికి కష్టాలు వచ్చాయని భార్య నసీమున్నీసా అభిప్రాయం. ఈసారి ఆయన బాగా ఆలోచించి, కల్లంలో ఆరబోసిన కాయలకు కాపలాగా ఒక కుక్కను తేవాలని నిశ్చయించాడు. దెబ్బలు తిన్న కుక్కల్ని చేరదీసే శ్రీరమ్య అనే అమ్మాయి గుంటూరులో ఉందని విని, అక్కడికి వెళ్లాడు.

నసీమున్నీసా ఒక షరతు మీద ఒప్పుకుంది. కాపలా కాసే కుక్కయితే ఉండొచ్చు. ముద్దు కోసం పెంచుకునేదైతే ఇంట్లోనే కాదు, కల్లంలోనూ చోటు లేదు.

శ్రీరమ్య ఇచ్చిన కుక్కకు వీపు మీద ఒక పక్క వెంట్రుకలు లేవు. పిల్లగా ఉన్నప్పుడు మొహానికి గుడ్డ కట్టుకున్న మనిషెవడో మరిగే నీళ్లు పోశాడట.

"మొహం కప్పుకుని దీని ముందుకు రావద్దండి. ఆ భయం పూర్తిగా పోదు," అని చెప్పిందా అమ్మాయి.

అలాంటి అలవాటు మా ఊళ్లో ఎవరికీ లేదని నాగూర్ వలి హామీ ఇచ్చాడు. అబద్ధమాడలేదు. మిరప ఘాటుకు ముక్కూ నోరూ మూసి తువ్వాలు చుట్టుకోవడం ఆ ప్రాంతంలో మొహం కప్పుకోవడం కిందికి రాదు. చొక్కా తొడుక్కోవడం కిందికి వస్తుంది.

మర్నాడు పొద్దున్నే రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీలు, వాళ్ల ముందు యజమాని, అందరూ కళ్లు మాత్రమే కనిపిస్తూ కల్లంలోకి దిగారు. రాత్రే టైగర్ అని నామకరణం పొందిన ఆ కుక్క నేల తడిపి, ట్రాక్టరు ట్రక్కు కింద దూరి, అన్నం మానేసింది.

"ఏందయ్యా వలీ, కాయలకి ఇది కాపలానా, దీనికి మేం కాపలానా?" అంది కూలీల పెద్ద ఎలీసమ్మ.

నాగూర్ వలి తన తువ్వాలు విసర్జించాడు. ఆ రోజంతా తుమ్ముతూనే ఉన్నాడు. కూలీలంతా ముందు కుక్కకు మొహం చూపించి, పరిచయమయ్యాక గుడ్డ కట్టుకోవాలని కట్టడి చేశాడు. ఎలీసమ్మ ట్రక్కు ముందు వంగి తన పేరు, ఇంటిపేరు కూడా చెప్పుకుంది. గుడ్డ కట్టగానే టైగర్ ఆమెను ఎన్నడూ ఎరగనట్టు చక్రం వెనక్కి జరిగింది. పద్ధతి రద్దయింది.

"శుక్రవారం కాయల లారీ గుంటూరు పోతుందిగా. దీన్నీ ఎక్కించు," అని తీర్పు చెప్పింది నసీమున్నీసా. ఆ రోజు వలి కూడా సరిగా తినలేదు.

శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లాడు. ప్రయాణం ఉంది కదా, ఖాళీ కడుపుతో పంపడం మర్యాద కాదని నసీమున్నీసా పెరుగన్నం కలిపి ట్రక్కు కింద పెట్టింది. కుక్క వణికింది. కూలీలు భోజనాలకు వెళ్లారని చూసుకుని, ఆమె మొహానికి చుట్టిన చెంగు తీసి అక్కడే చతికిలబడింది. కాసేపటికి టైగర్ పొట్ట మీద పాకుతూ వచ్చి గిన్నెలో మూతి పెట్టింది.

ఘాటుకు ఆమె కళ్లు కారాయి, ముక్కు కారింది. తుడుచుకోబోయి చెంగు ఎత్తగానే కుక్క తినడం ఆపింది. ఆమె చెంగు దించేసి, ఎక్కడివక్కడ కారనిచ్చింది.

నమాజు నుంచి వచ్చిన నాగూర్ వలి దూరంగానే ఆగాడు.

"లారీ వచ్చింది. ఎక్కించనా?"

"పోనీ లారీని. ముందు నువ్వక్కడ తుమ్మకుండా నిలబడు. తింటోంది," అంది ఆమె, తల తిప్పకుండా.