ఎర్లీన్ ఏరుకున్న రివాల్వర్

భర్త ఆల్విన్ పోయాక కూడా ఎర్లీన్ క్రుప్కా లవాకా నది ఒడ్డున పుచ్చతోట వదల్లేదు. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. తోటకి శత్రువులు రెండే: అడవిపందులు, మరిది లెరాయ్. నాటిన గింజల్ని పందులు సాళ్ల వెంబడి పెళ్లగించి తినేవి. లెరాయ్ ఆమె బుర్ర తినేవాడు.

“పందుల్నే ఆపలేకపోతున్నావు, రేపు దొంగవెధవ ఎవడైనా తలుపు తంతే ఏం చేస్తావు వదినా? తోట అమ్మేద్దాం. పట్నంలో హాయిగా ఉందువుగాని.”

సగం వాటా అతనిది. ఎర్లీన్‌కి రోషం పొడుచుకొచ్చింది. “గింజలు నాటేలోపు నా చేత్తో ఓ మగపందిని పడగొడతాను. అప్పుడు అమ్మకం ఊసెత్తకూడదు.”

“పడగొట్టకపోతే?”

“సంతకం పెడతాను.”

నేను వాళ్ల పక్కపొలం వాణ్ణి, ఈ పందెం నా ముందే జరిగింది. వేటకుక్కలు నావి కనక తుపాకుల కొట్టుకి నన్నూ ఈడ్చుకెళ్లింది. కొట్టువాడు గులాబీరంగు పిడి ఉన్న బుల్లి పిస్టల్ తీశాడు. “ఆడవాళ్లకి చాలా ముద్దుగా ఉంటుందండీ.”

“నేను పందిని ముద్దు పెట్టుకోవడానికి వెళ్లడం లేదు నాయనా.”

వెనకే వచ్చిన లెరాయ్ తన మోచేయంత రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. “ఇదీ తుపాకీ అంటే! ఎలుగుబంటి కూడా లేవదు.”

“పేరు గొప్ప, ఊరు దిబ్బ. దాంతో ఇంతవరకూ నువ్వు దేన్ని కొట్టావు?”

ఎర్లీన్ ఒక్కో తుపాకీనీ పట్టుకుని, కళ్లు మూసుకుని, చేతులు చాచి, కళ్లు తెరిచి చూసేది. గురి తను అనుకున్నచోటే నిలిచిందా? లేకపోతే పక్కన పెట్టేసేది. చివరికి ఎవరో వాడి అమ్మేసిన మధ్యరకం ఉక్కు రివాల్వర్ దగ్గర ఆగింది. పేలినప్పుడు వెనక్కి తన్నే తాకిడిని తట్టుకునేంత బరువుంది, పందికి చాలినంత దెబ్బ ఉంది, రాత్రి మంచం పక్క సొరుగులోనూ పడుతుంది. ఆ శీతకాలమంతా కాఫీడబ్బాల మీద కాలుస్తూనే ఉంది.

వేట రోజు తెల్లారాక నది పొదల్లో నా కుక్కలు ఓ నల్లటి మగపందిని చుట్టుముట్టాయి. కుక్కలవాడు కుక్కల్ని వెనక్కి పిలిచేదాకా ఎవరూ పేల్చకూడదు. మా దగ్గర చంటిపిల్లాడికీ తెలుసు ఆ సంగతి. లెరాయ్ ఆగితేగా! వదినకంటే ముందు కొట్టాలని ధనామని పేల్చాడు. గుండు బురదలోకి పోయింది. తుపాకీ ఎగిరి అతని నుదుటికే తగిలింది. కూలబడ్డాడు.

“నా కుక్కలకి తగిలితే నీ చర్మం ఒలిచేవాణ్ణి!” అని అరుస్తూనే ఈల వేశాను. కుక్కలు తప్పుకున్నాయి. పంది తిన్నగా లెరాయ్ మీదికి దూకింది.

ఎర్లీన్ అడుగు కదపలేదు. రెండు చేతులూ చాచింది. ముందుకాలి వెనక రెండు గుళ్లు, పక్కపక్కనే. పంది మోకాళ్ల మీద జారి, లెరాయ్ బూట్ల దగ్గర పడింది. నేను టోపీ గాల్లోకి విసిరి పిచ్చివాడిలా కేకలు పెట్టాను.

లెరాయ్ నెత్తురు తుడుచుకుంటూ గొణిగాడు. “తోట అమ్మమని ఇంకెప్పుడూ అనను వదినా.”

“అంటే మాత్రం వినేదెవరు?” అంటూ చెయ్యిచ్చి లేపింది. “లే, మొహం కడుక్కో. ఎండెక్కకముందే గింజలు వెయ్యాలి. నువ్వూ ఓ సాలు పట్టు.”