సద్దు లేని ఆట

గవర్రాజు గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, మిగతావన్నీ తర్వాతే. పోర్టు క్వార్టర్సు వరసలో మా పక్కిల్లే వాళ్లది. మేం గోడకి మేకు కొడితే వాళ్లింట్లో సున్నం రాలేది, అంత పక్క. నేను దీవెనమ్మని. మా ఆయన శుభాకర్ పోర్టులో ఫిట్టరు. గవర్రాజు పని ఏమిటంటే, ఓడ మీద సరుకు దించే గోతి అంచున నిలబడి, పైనున్న క్రేను డ్రైవరుకి చేత్తో సైగలు చెయ్యడం. డ్రైవరుకి గోతిలో ఏముందో కనబడదు. ఇతని చెయ్యి ఎలా చెబితే అలా ఇనుప తాడు లేస్తుంది, దిగుతుంది. ఆ రొదలో నోటితో చెప్పి లాభం లేదు. ఆ పనివాళ్లు ఇంటికొచ్చాక కూడా తక్కువే మాట్లాడతారని మా ఆయన అనేవాడు. గవర్రాజుకి ఆ తక్కువ కూడా లేదు. అతని వాటా మాటలు కూడా పెళ్లాం గంగాభవానే మాట్లాడేసేది.

ఆ గంగాభవాని డెబ్భై తొమ్మిదో సంవత్సరం వానల్లో పచ్చకామెర్లతో పోయింది. పసరు మందని కొన్నాళ్లు, ఆసుపత్రని కొన్నాళ్లు తిప్పారు, దక్కలేదు. పిల్లలిద్దరు. అబ్బులుకి ఏడేళ్లు, చిలకమ్మకి నాలుగు. గవర్రాజు ఏడవలేదు. కర్మకాండలు అయిన మర్నాడే డ్యూటీకి వెళ్లాడు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లినా తెలియదు చూడండి, మనిషంతా అలా అయిపోయాడు. అన్నం పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు.

మా వరసలో ఓ కట్టుబాటుండేది. నైట్ షిఫ్టు చేసొచ్చి మగాడు పడుకుంటే తలుపు గొళ్లేనికి తువ్వాలు కట్టేవాళ్లం. తువ్వాలు కనబడితే ఆ గుమ్మం ముందు గోలీలాడకూడదు, బిందె చప్పుడు చెయ్యకూడదు, ఆ ఇంటి పిల్లలైతే గోడకి చేరబడి కూర్చోవాలి. మనిషి లేచాక పెళ్లాం తువ్వాలు విప్పేది, అంతవరకూ బిగబట్టుకున్న పిల్లలంతా వీధిలోకి ఒక్కసారి పడేవాళ్లు. గంగాభవాని పోయాక గవర్రాజు గుమ్మానికి కట్టిన తువ్వాలు అలాగే ఉండిపోయింది. విప్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అతను లోపల పడుకునే ఉంటాడనుకున్నాను. ఆ గుంటలిద్దరూ నాన్న ఇంట్లో ఉన్నా లేకపోయినా పొద్దస్తమానం గోడకి ఆనుకుని కూర్చునేవాళ్లు. పోర్టులో పోసిన ఇనుప రాయి ధూళి గాలిలో వచ్చి వాళ్ల కాళ్ల మీద ఎర్రగా పేరుకునేది, దులుపుకునేవాళ్లు కాదు.

దసరా నాటికి చిలకమ్మ నాలుగడుగులు వేస్తే చాలు, చతికిలబడిపోతోంది. నేనే ఎత్తుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. డాక్టరుగారు కాళ్లు వంచి చూశారు, చాచి చూశారు.

"పిల్లకి ఏ రోగమూ లేదమ్మా. కాళ్లకి పని లేదు, అంతే. ఆడించండి. వీధిలోకి తోలేసి ఊరుకోవడం కాదు, ఇంట్లో పెద్దవాళ్లు కూడా కలిసి ఆడాలి" అన్నారు.

ఇంటికొచ్చి గవర్రాజు మీద విరుచుకుపడ్డాను.

"ఏటి గవర్రాజూ, గుంట గోడకి అతుక్కుపోతంది, కనబడతందా నీకు? డాట్రుగారు ఆడించమన్నారు. ఆడించు!"

"నాకు ఆటలు రావక్కా."

"రాకపోడమేటి? సిన్నప్పుడు ఆడ్లేదా నువ్వు?"

"గేపకం లేదు" అన్నాడు. అబద్ధమాడినట్టు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, దీపావళికి గవర్రాజు అత్తగారు వరహాలమ్మ దిగింది. భీమిలిలో ఎండుచేపలమ్ముతుంది. ఆవిడ కంటే ముందు ఆ వాసన బస్సు దిగేది. మంచి మనిషే, కానీ నోటికి గడియ లేదు. పిల్లల్ని చూసి గుండెలు బాదుకుంది.

"కార్తీకం ఎల్లేక మళ్లీ వత్తాను అల్లుడా. అప్పటికీ ఈళ్లు ఇలాగే బొమ్మల్లాగ కూకునుంటే నాతో అట్టుకుపోతాను. నాను బతికుండగా నా కూతురి పిల్లల్ని సావనివ్వను."

"మీ ఇష్టం అత్తా" అన్నాడు గవర్రాజు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషికి మిగిలిందే ఆ రెండు ప్రాణాలు. అవీ వెళ్లిపోతే, ఒకరోజు ఆ గోతి అంచున నిలబడి వెనక్కి రావడం మర్చిపోతాడని నా భయం. ఆ రోజు మా ఆయనతో అంటే, ఆయనా కాదనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఓ పొద్దున్న నేను రెండిళ్లకీ కలిపున్న వెనక దొడ్లో అంట్లు తోముతున్నాను. గవర్రాజు డ్యూటీ నుంచి వచ్చి వాళ్ల వెనక గడప మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకి పిల్లలు. ఉన్నట్టుండి అతని కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి పైకి పెట్టి, మెల్లగా ఎత్తాడు. కావాలని చేశాడో, రాత్రంతా చేసిన చెయ్యి దానంతటదే లేచిందో నాకిప్పటికీ తెలియదు. తల్లి ఉన్న రోజుల్లో నాన్నకి కేరేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా అబ్బులు ఆ సైగ చూసేవాడు. లేచి నిలబడ్డాడు. గవర్రాజు అరచెయ్యి బోర్లించి దించాడు. అబ్బులు కూర్చున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి గోడ పట్టుకుని చిలకమ్మ కూడా లేచింది.

అదీ ఆట. వేలు గుండ్రంగా తిప్పితే దొడ్డి చుట్టూ తిరగాలి. మెల్లగా తిప్పితే నడక, గబగబా తిప్పితే పరుగు. గుప్పిట మూస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. గుప్పిట మూసేదాకా ఆగడానికి లేదు. నోరు మెదపడానికి అసలే లేదు, ఎందుకంటే అవతలింట్లో అర్జునరావుకి ఆ నెలంతా నైట్ షిఫ్టే. అతన్ని నిద్ర లేపితే తాతలనాటి తిట్లు కూడా బయటికొస్తాయి.

రోజూ పొద్దున్నే అదే ఆట. వరసలో మిగతా పిల్లలొచ్చి చేరారు. పెద్దవాళ్లు కూడా కలవాలన్న డాక్టరుగారి మాట గుర్తొచ్చి, నేనూ కొంగు దోపి దిగాను. నా ఒళ్లేమో మీకు తెలియదు గానీ, మా ఆయన చూసి నవ్వాపుకోలేక ఇంట్లోకి పారిపోయాడు. చిలకమ్మ మొదట్లో రెండు చుట్లకే చతికిలబడేది. పోనుపోను నన్ను దాటిపోయింది. కానీ గవర్రాజు గడప మీంచి లేవలేదు, నవ్వలేదు. చెయ్యి ఒక్కటే ఆడేది. మొహం చూస్తే, ఎదురుగా ఉన్నది పిల్లలో ఎరువుల బస్తాలో తేడా తెలిసినట్టుండేది కాదు.

కార్తీకం వెళ్లిన వారానికి వరహాలమ్మ తొలి బస్సుకే వచ్చేసింది. వీధి గుమ్మానికి తువ్వాలు చూసి, అల్లుడు పడుకున్నాడనుకుని దొడ్డిదారిన వచ్చింది. ఆవిడకి కనబడిందేమిటి? అరడజను మంది పిల్లలు, మధ్యలో కుచ్చిళ్లు ఎగదోపిన నేను, కిక్కురుమనకుండా గిర్రున తిరుగుతున్నాం. గడప మీద అల్లుడు రాయిలా కూర్చుని ఒక్క వేలు తిప్పుతున్నాడు.

"ఓలమ్మో! నా కూతురు దెయ్యమయి అందర్నీ అట్టీసిందిరో!" అని ఒక్క కేక పెట్టింది.

అందరం కొయ్యబారిపోయాం. ఆవిడ చిలకమ్మని లాగి చంకనేసుకుంది, అబ్బులు రెక్క పట్టుకుంది.

"దెయ్యమూ లేదు, బూతమూ లేదు పిన్నీ! పోర్టు ఆట! పిల్ల పరిగెడతంది, సూడండి" అన్నాను రొప్పుతూ.

"ఆటయితే కేకలుండాల, నవ్వులుండాల! సద్దు లేని ఆటేటే, దీవెనమ్మా? సచ్చిపోయినోళ్లు ఆడతారు అలాగ." అల్లుడి వైపు తిరిగింది. "ఈళ్ల కాళ్లు బాగుపడ్డాయి, సంతోసం. మరి నువ్వో? పిల్లలు గెంతుతుంటే నువ్వొక్కసారైనా లెగిసావా? సెప్పు అల్లుడా. అట్టుకుపోమంటావా, ఒద్దంటావా?"

వద్దను నాయనా, ఆ ఒక్క ముక్కా అను, అని ప్రభువుకి దణ్ణం పెట్టుకున్నాను. గవర్రాజు నేల వైపు చూశాడు.

"మీ ఇష్టం" అన్నాడు.

వరహాలమ్మకి కన్నీళ్లు వచ్చేశాయి. అబ్బులు రెక్క వదలకుండానే వెనక్కి తిరిగింది. అప్పుడు ఆవిడ భుజం మీంచి చిలకమ్మ చెయ్యి బయటికొచ్చింది. బుల్లి అరచెయ్యి పైకి పెట్టి, తండ్రికేసి చూస్తూ, మెల్లగా ఎత్తింది.

గవర్రాజు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. అన్నేళ్లలో అతను సైగ చేసినవాడే, అతనికి సైగ చేసినవాళ్లు లేరు. పిల్ల ఇంకా పైకెత్తింది. అతను లేచి నిలబడ్డాడు.

చిలకమ్మ వేలు తిప్పింది. అతను దొడ్డి చుట్టూ నడిచాడు. గబగబా తిప్పింది. పరిగెత్తాడు. ఆ బరువైన మనిషి డ్యూటీ బూట్లతో నా అంట్లు తన్నుకుంటూ, కళ్లు పిల్ల చేతి మీంచి తిప్పకుండా పరిగెత్తాడు. పిల్ల గుప్పిట మూయలేదు. చాలమ్మా, ఆపవే, అని నాకే అనిపించింది. చెమటలు కారాయి, ఊపిరి ఈలవేసింది, ఆగలేదు. ఉండబట్టలేక అబ్బులు "నానా! నానా!" అని అరిచేశాడు. పిల్లలంతా అందుకున్నారు. అవతలింట్లోంచి అర్జునరావు "ఎవుడ్రా అది!" అని లేచాడు.

చిలకమ్మ గుప్పిట మూసింది.

గవర్రాజు ఉన్నచోటే ఆగిపోయాడు. చేతులు వేలాడేసుకుని, కళ్లలోంచి ధారగా కారుతుంటే తుడుచుకోవాలని కూడా తెలియక, కూతుర్ని అడిగాడు.

"ఇప్పుడేటి సెయ్యాలమ్మా?"

పిల్లకి మాత్రం ఏం తెలుసు? ఇంకో సైగ రాదు దానికి. బిక్కమొహం వేసి అమ్మమ్మని చూసింది. వరహాలమ్మ దాన్ని కిందికి దించింది. విసవిసా ఇంట్లోంచి వీధి గుమ్మానికి వెళ్లి, గొళ్లేనికున్న తువ్వాలు విప్పి తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది.

"మొకం తుడుసుకో. పిల్లలు ఈడే ఉంటారు" అంది.