బ్యాండు ఆగినా ఆగని అడుగు

వికారాబాద్‌లో ఆ సాయంత్రం జరిగిన బరాత్‌లో మా గుర్రం చమేలి ఎన్నడూ లేనంత బాగా ఆడింది. అలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు, చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వెనక కాళ్లు అటొకటి ఇటొకటి వేస్తూ, నడుము ఊపుతూ నడుస్తుంటే పెళ్లికొడుకు మేనమామ మా ఆయన వీపు తట్టి, "ఏం నేర్పినవ్ మల్లేశం! మస్తుగున్నది" అన్నాడు. మా ఆయన నేర్పింది ముందు కాళ్లు ఎత్తి దించడమే. అయినా ఎవరైనా పొగుడుతుంటే కాదనే గుణం ఆయనకు లేదు.

పెళ్లికొడుకు దిగి లోపలికి వెళ్లాక బ్యాండువాళ్లు నీళ్లు తాగడానికి డప్పులు దించారు. చమేలి మాత్రం నిలబడ్డ చోటే ఊగుతూ ఉంది. "ఇంక హుషారు దిగలే దీనికి" అని నవ్వుకుంటూ బండెక్కించి తాండూరుకు తెచ్చుకున్నాం.

మా అత్తగారిది కుల్కచర్ల దిక్కు గొర్రెలు కాసిన ఇల్లు. మా ఆయన గొర్రెలు వదిలేసి గుర్రాన్ని పట్టుకున్నాడు. పెళ్లిళ్ల సీజనే మాకు పంట. చమేలి మాటకు ఆయన ఇచ్చే విలువలో సగం నా మాటకు ఇస్తే మా సంసారం ఇంకా బాగుండేది.

తెల్లారి చమేలి నానబెట్టిన శనగలు ముట్టలేదు. కింది పెదవి వేలాడుతోంది, భుజాల మీద చర్మం అదురుతోంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"దిష్టే. నిన్న ఎంతమంది జూసిండ్రు!" అని మా ఆయన నిమ్మకాయలు తిప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మా వాకిట్లో పచ్చడికి సరిపడా నిమ్మకాయలు పోగయ్యాయి. గుర్రం మాత్రం గోడకు ఆనుకుని నిలబడింది. ఇక లాభం లేదని నేనే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఆమె గ్లోవ్స్ వేసుకునే లోపలికి వచ్చింది. "నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ కాదని తేలేదాకా జాగ్రత్త" అంది. టెంపరేచర్ చూసి, బ్లడ్ తీసింది. "సర్రా అయినా ఇట్లనే ఉంటది, అంటే జోరీగలు కుట్టి రక్తంల పురుగు చేరే రోగం. ముందు గాజుపలక మీద స్మియర్ చూద్దాం. సీరమ్ హైదరాబాద్‌కు పంపిస్త."

స్మియర్‌లో సర్రా కనబడలేదు. రిపోర్టు కోసం ఆగకుండా ఫ్లూయిడ్స్ ఎక్కించి, వాపు తగ్గే ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. తర్వాత రిపోర్టు వచ్చింది. ఐజీఎం పాజిటివ్. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడువాపు.

"జపానా?" మా ఆయన కళ్లు తేలేశాడు. "మా చమేలి గుల్బర్గా గూడ దాటలే మేడం!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని చెప్పింది. "పందుల్లో, కొంగల్లో ఈ వైరస్ ఉంటది. వాటిని కుట్టిన దోమ దీన్ని కుట్టింది. దీన్నుంచి మీకు అంటదు. కానీ ఆ దోమ మిమ్మల్ని గూడ కుడుతది గద."

"మందు లేదా అమ్మా?" అన్నాను.

"వైరస్‌ను చంపే మందు లేదు. దాని ఒళ్లే కొట్లాడాలె, మనం ఆసరా ఇస్తం. కాళ్ల మీద నిలబడ్డంతసేపు ఆశ ఉంటది. కూలబడితే మాత్రం చాన కష్టం."

వెళ్తూ వెళ్తూ నాపరాళ్లతో కట్టిన మా నీళ్ల తొట్టిలోకి తొంగిచూసింది. లోపల దోమపిల్లల పురుగులు గిలగిలలాడుతున్నాయి. పాత నీళ్లు చల్లగా ఉంటాయని దాన్ని మేం ఎప్పుడూ పూర్తిగా తోడేసేవాళ్లం కాదు. తలెత్తి నా వైపు చూసింది. ఆమె బండి మలుపు తిరిగేలోపే తొట్టి ఖాళీ చేశాను.

రిపోర్టు వచ్చిన మర్నాడే చమేలి ముందు మోకాళ్ల మీద కూలబడింది. మా ఇంటి పక్కన రాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. బండలు ఎత్తే చైన్ పుల్లీని అక్కడి నుంచి మోసుకొచ్చింది బ్యాండు మాస్టర్ సలీం భాయ్, ఆయన మనుషులు. పందిరి దూలానికి పుల్లీ కట్టి, గోనెపట్టా పొట్ట కిందికి దూర్చారు. గోనె ఒరుసుకుంటుందని నేను బొంత కోసం వెతుకుతుంటే, మా ఆయన లోపలి నుంచి వాళ్ల నాయన గొంగడి తెచ్చాడు. ఆ గొంగడిని నన్ను ఉతకనిచ్చేవాడు కూడా కాదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి చమేలి పొట్ట కింద పరిచాడు. ఆ రోజు ఆయన మీద నాకున్న కోపాలన్నీ పోయాయి. కొన్ని తర్వాత మళ్లీ వచ్చాయనుకోండి.

"వేలాడదీయొద్దు. కాళ్లు నేల మీదనే ఉండాలె, బరువు కొంచమే పుల్లీ మీద పడాలె" అని డాక్టరమ్మ ఫోన్‌లో చెబుతుంటే సలీం భాయ్ గొలుసు లాగాడు. చమేలి లేచి నిలబడింది.

దోమతెర కట్టాం. ఒత్తుకుపోయిన చోటల్లా మందు రాశాం. ఒక పొద్దున నేను పచ్చి జొన్న చొప్ప పట్టుకుని వెళ్తే, నా చేతిలోంచి గుంజుకుంది. వేలాడే పెదవి పైకొచ్చింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. సంతోషమే అది.

మెల్లగా పుల్లీ తీసేశాం, వాకిట్లో నడిపించాం. చలికాలం నాటికి ఒళ్లు పట్టింది. అంతలో ఒక రోజు సలీం భాయ్ వాళ్లు మా సందులో ప్రాక్టీసు పెట్టారు. డప్పు మోగగానే చమేలి కాలు గాల్లోకి లేచింది.

"ఆపుండ్రి! మల్ల మొదలైంది రోగం!" అని అరిచాను. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మన్నాను.

ఆమె వచ్చి, కాసేపు చూసి, "కొట్టండి" అంది. డప్పు మోగింది, కాలు లేచింది. "ఆపండి." డప్పు ఆగింది. కాలు దిగింది. చమేలి రాయిలా కదలకుండా నిలబడింది. ఆమె మళ్లీ కొట్టించింది, మళ్లీ ఆపించింది.

"ఏం కాదమ్మా" అని నవ్వింది. "రోగమైతే డప్పు ఆగినా కాలు ఆగదు. ఇది డ్యాన్సే."

"రోగమొస్తే డ్యాన్సంటివి, డ్యాన్స్ జేస్తే రోగమంటివి. నువ్వు గుర్రం జోలికి రాకు చెల్లె!" అని సలీం భాయ్ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

డాక్టరమ్మ సరేనన్నాకే మాఘమాసంలో చమేలి మళ్లీ బరాత్‌కు వెళ్లింది. మలుపుల్లో వెనక కుడికాలు కొంచెం ఈడుస్తుంది. అందుకే మా ఆయన ఇప్పుడు సందులు తక్కువున్న పెళ్లిళ్లే ఒప్పుకుంటాడు. మా తొట్టి రోజూ అడుగంటా ఖాళీ అవుతుంది.

గుర్రాలు పెంచేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గుర్రం ఎంత బాగా ఆడినా సరే, బరాత్ మధ్యలో ఒకసారి బ్యాండు ఆపించి దాని కాళ్లు చూడండి. కాళ్లు ఆగితే చప్పట్లు కొట్టండి. ఆగకపోతే పెళ్లికొడుకును దించి డాక్టరుకు ఫోన్ చేయండి. మా ఇంటి పిల్ల పెళ్లయినా సరే, సలీం భాయ్ పాట మధ్యలో నేను చెయ్యెత్తుతాను. ఆయన విసుక్కుంటూనే ఆపుతాడు. చమేలి నా వైపు తిరిగి, ఎందుకాపారన్నట్టు చూస్తుంది.