మడిచిపెట్టిన చిటికెన వేలు

నా చిన్నప్పుడు ధర్మవరంలో నా గోళ్ళ గురించి మాట్లాడని మనిషి మా ఇంట్లో లేడు. పదేళ్ళొచ్చినా కొరకడం మానలేదు. అమ్మ వేపాకు నూరి పూసేది, కొన్నాళ్ళకు నేను ఆ చేదుకూ అలవాటు పడ్డాను. అవ్వ తిట్టేది, నాయన బతిమాలేవాడు. మానాలని నాకూ ఉండేది, కానీ చెయ్యి నోట్లోకి ఎప్పుడు పోయేదో నాకే తెలిసేది కాదు.

పక్కింటి అక్క పట్టుచీరలు నేసేది. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోగానే, పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. అక్క వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని అతుకుతుంటే నేను కదలకుండా చూసేదాన్ని. ముడి వేయకుండా ఆ పోగు ఎట్లా నిలుస్తుంది? ఉండబట్టలేక ఒకరోజు నన్నూ అతకనివ్వమని అడిగాను.

అక్క కాదనలేదు. ఒక తెగిన పట్టుపోగు తీసి నా గోళ్ళ మీదుగా లాగింది. గరుకు అంచులకు తగులుకుని అది పీచులేచింది. సిగ్గుతో చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఈ పడుగు అయిపోయినాక కొత్తది అతకల్ల. అప్పటికి నీ గోళ్ళు వచ్చింటే నా పక్కన కూసుందువులే" అనింది.

అప్పటినుంచి బడి వదలగానే మగ్గం దగ్గరికి పరుగు. పడుగు ఎంత మిగిలిందో చూసి, నా గోళ్ళు చూసుకునేదాన్ని. ఏది ముందు? చెయ్యి నోటిదాకా పోయేది, గోడ అవతల మగ్గం చప్పుడు వినబడి ఆగిపోయేది. వేపాకు వల్ల కానిది ఆ చప్పుడు ఎట్లా చేసిందా అని నాకే వింతగా ఉండేది.

అతికే రోజు అక్క మళ్ళీ పోగు లాగి చూసింది. అన్ని గోళ్ళ మీదా జారింది. కుడిచేతి చిటికెన వేలి దగ్గర మాత్రం తగులుకుంది. ముందురోజు బడిలో లెక్కలు చేస్తూ కొరికేశాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆ యేలు మడిచి పెట్టుకో పాపా. మిగతా యేళ్ళు ఉండాయి కదా. యాడికి పోతాది, అదీ వస్తాది" అంటూ బూడిద చిప్ప నా ముందుకు జరిపింది.

సాయంత్రం దాకా అతికాను. నా పోగులు కొన్ని తెగాయి, కొన్ని నిలిచాయి. ఆ పడుగు మీద నేసిన చీరలు ఎవరు కట్టుకున్నారో తెలియదు.

ఇప్పుడు తల సగం నెరిసింది. డాక్టరు ఎన్నిసార్లు నడవమన్నా కదలనిదాన్ని, కూతురితో కలిసి పెనుకొండ కోట ఎక్కాలని రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. బద్ధకించి ఒకరోజు మానేస్తే, ఆ రోజును చిటికెన వేలిలా మడిచిపెట్టి, మర్నాడు మళ్ళీ చెప్పులు వేసుకుంటాను.