ఆల్విన్ తనను తానే బరిలోకి దింపుకున్న రోజు

హార్న్‌షా ఊళ్ళో ఆల్విన్ బర్ట్‌వెల్ ఒకప్పుడు దేవుడి తర్వాత దేవుడు. గోల్ ముందు అతనికి బంతి దొరికిందా, వలలో పడాల్సిందే. ఎలా కొట్టావని అడిగితే "ఏమో, కాలికే తెలియాలి" అని నవ్వేవాడు. మోకాలు అరిగాక ఊరి ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు అతన్నే జట్టుకు ఆట నేర్పి నడిపే మేనేజర్ని చేశారు. బాగా ఈదేవాడు ఈత నేర్పగలడని ఎవరు చెప్పారో! కాలికి తెలిసిన విద్య నోటికి రాలేదు. రెండేళ్ళలో జట్టు అట్టడుగుకు జారింది. అతని మీద పాటలు కట్టిన నోళ్ళే "ఇంటికి పో" అని పాడసాగాయి.

ఆ గురువారం సాయంత్రం పేపర్లో క్లబ్బు ఛైర్మన్ క్లెగ్, మేనేజరు మీద తమకు పూర్తి నమ్మకం ఉందని ప్రకటించాడు. అది చదివి ఆల్విన్ భార్య ఎడ్నా టీ కప్పు కింద పెట్టేసింది.

"అయిపోయింది నీ పని. నిజంగా నమ్మకం ఉన్నోళ్ళు పేపర్లో వేయిస్తారా?"

"శనివారం డ్రా చేస్తే చాలు, ఎడ్నా. లీగులో ఉంటాం, ఉద్యోగమూ ఉంటుంది."

"ఓడిపోతే?"

"నాకింకేం పని వచ్చు?"

శనివారం ఆట ముగియడానికి పావుగంట ఉందనగా జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. ఇంకొక్కణ్ణే మార్చుకోవచ్చు. బెంచీ మీద ఇద్దరున్నారు: లేడిలా పరుగెత్తే ట్రెవర్, ఆటగాళ్ళ జాబితాలో ఇంకా పేరు మిగిలి ఉన్న, నలభై దాటిన ఆల్విన్.

"ట్రెవర్, లే" అన్నాడు ఆల్విన్.

అంతలో జనం అందుకున్నారు. "ఆల్విన్! ఆల్విన్!"

రెండేళ్ళుగా వినని పిలుపు అది. ఆల్విన్ కోటు విప్పేశాడు.

"కూర్చో నాయనా" అన్నాడు.

"బాస్, మీ మోకాలు..."

"కూర్చోమన్నానా!"

ఆఖరి నిమిషంలో బంతి గోల్ ముందు సరిగ్గా అతని దగ్గరికే వచ్చింది. కన్ను చూసింది, మనసు కొట్టేసింది. కాలు మాత్రం ఆలస్యంగా వచ్చింది. బంతి దొర్లుకుంటూ గోల్‌కీపర్ చేతుల్లోకి వెళ్ళింది. ఈల మోగింది.

ఎవరూ తిట్టలేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పోయినవాడికిచ్చే మర్యాద అది. తిట్టినా బాగుండుననుకుని ఆల్విన్ కుమిలిపోయాడు.

వసారాలో క్లెగ్ ఎదురొచ్చాడు.

"ట్రెవర్‌ని పంపకుండా నువ్వెందుకు దిగావయ్యా? మేనేజరువి కదా, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసండీ. ఇలాంటి మోకాలున్నవాడు ఇంకెవరైనా అయితే పంపేవాణ్ణి కాదు." ఆల్విన్ తలెత్తలేదు. "పేరు పెట్టి పిలిచారండీ."

క్లెగ్ ఆఫీసు తాళాల కోసం చెయ్యి చాపాడు.