నీటికుక్క అంటే కుక్క కాదు, సార్!

ఆ రోజుల్లో నాకు కోపం ఇట్టే వచ్చేది, పోవడానికి మాత్రం వారాలు పట్టేది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది చలికాలమంతా నేను స్వెటర్ లేకుండా కేవలం కోపంతోనే వెచ్చగా గడిపేశానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నిజం చెప్పినవాళ్ళను లోకం నమ్ముతుందనీ, అందులోనూ జంతుశాస్త్రం చదివిన మనిషి ఒక జంతువు గురించి చెబితే మారు మాట్లాడకుండా నమ్ముతుందనీ అప్పట్లో నాకు గట్టి అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయాన్ని కృష్ణలో కలిపిన ఘనత మా లెన్స్ సార్‌ది.

వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెప్పేదాన్ని. ఇల్లు గద్వాలలో, మగ్గాల చప్పుడు మధ్య. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పెద్దాయనకు పక్షుల పిచ్చి. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మోచేతి పొడవు లెన్సున్న కెమెరా ఒకటి కొన్నాడు కాబట్టి అందరికీ లెన్స్ సార్. (పెబ్బేరు బస్టాండులో ఆ లెన్సును చూసి ఒక ముసలాయన అది బోరు మోటారా అని అడిగాడట. ఈ సంగతి లెన్స్ సారే గర్వంగా చెప్పుకునేవాడు.) చలికాలం వస్తే ప్రతి ఆదివారం ఆయన వెంట నలుగురైదుగురు స్టాఫు జీపేసుకుని గద్వాల పక్కన కృష్ణ వెనకజలాల దగ్గరికి వచ్చేవాళ్ళు. హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు, ఎర్రబాతులు, పొడుగుకాళ్ళ కొంగలు అక్కడ దిగుతాయి. ఇంటి పక్కనే కదా, నేనూ వస్తానన్నాను.

మొదటి ఆదివారం మా అమ్మ నన్ను పాత చుడీదార్‌లో గడప దాటనివ్వలేదు. "సార్లు, మేడమ్‌లు ఉంటరు. నేసేటోళ్ళ ఇంట్లకెల్లి వస్తున్నవు, గిట్ల పోతవా?" అని మా నాయిన నేసిన చీర కట్టించింది. పండు మిరపకాయ రంగు, అరచేతి వెడల్పు జరీ అంచు. పొద్దున్నే ఆ చీరలో స్కూటీ మీద ఏటి ఒడ్డుకు దిగాను. లెన్స్ సార్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏంది మేడం గిది? పెండ్లికొచ్చిండ్రా, పిట్టల్ని చూడనీకొచ్చిండ్రా? మిమ్మల్ని చూస్తే పిట్టలన్నీ రాయచూరు దిక్కు లేసిపోతయ్. జర గా బండల ఎన్కకు పోయి కూసోండ్రి."

నాకు ఒళ్ళు మండింది. (పక్షులకు రంగులు మనకంటే బాగా కనిపిస్తాయని నాకూ తెలుసు. క్లాసులో చెప్పిందాన్నే. కానీ అది ఫిజిక్స్ మనిషి నోట వినడం వేరు.) మా నాయిన నెల రోజులు వంగి నేసిన చీరను పట్టుకుని అంత మాటంటాడా అని గొణుక్కుంటూ, దూరంగా ఉన్న బండల వెనక కూర్చున్నాను. అక్కడి నుంచి బాతులు కాదు కదా, వాటి తోకలు కూడా కనబడవు. ముందు చిన్న మడుగు, తుంగ, చేపలు పట్టేవాళ్ళు వదిలేసిన ఒక విరిగిన పుట్టి, అంతే.

అప్పుడు మడుగులో నీళ్ళు కదిలాయి. నున్నగా గోధుమరంగు తల ఒకటి పైకి లేచింది. దాని పక్కన ఇంకొకటి, వెనక రెండు బుజ్జి తలలు. పెద్దది నోట చేపతో బండ ఎక్కింది. తడిసి మెరుస్తున్న ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పిల్లి మీసాలు, బల్లపరుపు తోక. ముందుకాళ్ళతో చేపను మనిషిలా పట్టుకుని తల నుంచి మొదలుపెట్టి కరకరా నమిలింది. ఆ చప్పుడు నాకు వినబడుతోంది! పిల్లలు తల్లి మూతి దగ్గర చేరి కీచుమంటున్నాయి. ఇంగ్లీషులో ఆటర్ అంటారే, పుస్తకంలో బొమ్మ తప్ప ఎన్నడూ చూడని ఆ జంతువు, నాకు నాలుగు బారల దూరంలో టిఫిను చేస్తోంది. అది తల తిప్పి నన్నూ, నా చీరనూ చూసింది. మళ్ళీ తినసాగింది. ఆ పొద్దున నా చీరను చూసి ఏమీ అనని ప్రాణి అదొక్కటే.

నాకు ఆనందం ఆగలేదు. లేచి నిలబడి, "సార్! నీటికుక్క! నీటికుక్క!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆ అరుపుకు ఒడ్డున ఉన్న బాతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం నిండా రెక్కలు, కేకలు. నన్ను బండల వెనక్కి పంపినప్పటి నుంచి బురదలో బోర్లా పడుకుని, వాటిని ఒక్క ఫొటోలో ఇరికించాలని ఊపిరి బిగబట్టిన లెన్స్ సార్, మోకాళ్ళకు మట్టితో పరుగెత్తుకొచ్చాడు. వెనకే మిగతావాళ్ళు. మడుగులో ఏమీ లేదు. మునిగినవి మునిగినట్టే పోయాయి. ఏది, ఎక్కడ అని వాళ్ళు వెతుకుతుండగా తుంగలోంచి ఒక ఊరకుక్క ఈదుకుంటూ వచ్చి, బండ ఎక్కి, అందరి మీదా నీళ్ళు పడేలా ఒళ్ళు దులుపుకుని, తోకాడించింది.

"ఓ, గిదేనా మేడం మీ నీటికుక్క?" అన్నాడు లెన్స్ సార్ మొహం తుడుచుకుంటూ. "నీళ్ళల్ల ఉన్నది, కుక్కున్నది. తప్పేమున్నది!"

ఆ నవ్వులు బహుశా అవతలి ఒడ్డున కూడా వినపడి ఉంటాయి.

సోమవారానికి సంగతి కాలేజీ అంతా పాకింది. నేను క్లాసులోకి వెళ్ళగానే వెనక బెంచీలోంచి సన్నగా మొరుగుడు. ఏ మాట చెప్పినా "నిజంగనా మేడం?" అని ఒక గొంతు. హార్మోన్ల గురించి చెప్పినా అదే, కప్ప గుండె గురించి చెప్పినా అదే. ప్రిన్సిపాల్ పిలిచి, "పిల్లలు మీ మాట ఇంటలేరంట కదమ్మా. గిట్లయితే పరీక్షల ముంగట సెకండియర్ మీ దగ్గరెట్ల ఉంచాలె?" అన్నాడు. జంతువును చూసింది జువాలజీ మనిషి, కాదని తీర్పు చెప్పింది ఫిజిక్స్ మనిషి, శిక్ష మళ్ళీ జువాలజీ మనిషికి! ఇంటికొచ్చి చెప్పుకుని ఏడిస్తే అమ్మ, "కుక్కను చూడనీకె ఏటికి పోవాల్నా? మన గల్లీల లేవా?" అంది.

మా నాయిన మాత్రం మగ్గం ఆపి అంతా విన్నాడు. తరువాతి ఆదివారం నాతోపాటు స్కూటీ ఎక్కి, లెన్స్ సార్ బృందానికి దూరంగా అదే బండల వెనక కూర్చున్నాడు. ఎండెక్కేదాకా చూశాం. నీటికుక్క కాదు, కప్ప కూడా లేవలేదు. తిరిగొస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు.

"నాయినా, నువ్వన్న నమ్ముతవా?"

"నమ్మకుంటే పని ఇడిసిపెట్టి గీడికొస్తనా బిడ్డా? నువ్వు చూసినవంటే చూసినవ్. దానికి మల్ల కనవడాలన్న బుద్ధి లేకుంటే నువ్వేం జేస్తవ్?"

ఆ మాటతో నేను చల్లబడాల్సింది. బదులుగా ఇంకా వేడెక్కాను. నమ్మేవాళ్ళు ఒక్కరున్నా, నమ్మనివాళ్ళ మీద కోపానికి బలం వస్తుంది. ఆ రాత్రే పక్షుల వాట్సాప్ గ్రూపులో, "సత్యానికి విలువ లేని చోట నేనుండను" అని రాసి బయటికొచ్చేశాను. (బయటికొచ్చాక ఎవరేమన్నారో చూసే వీలుండదని బయటికొచ్చాకే తెలిసింది.) ఆపై ఆదివారం వాళ్ళు ఏటికి పోతే, నేను పట్టుబట్టి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను.

సరిగ్గా ఆ ఆదివారమే నీటికుక్కలు కుటుంబంతో సహా లెన్స్ సార్ ఎదుటికొచ్చి, ఎండలో పొర్లి, చేపను పంచుకుని తిని, చాలినన్ని ఫొటోలకు నిలబడి వెళ్ళాయి. రెండు రోజులకు పేపరు జిల్లా పేజీలో పెద్ద ఫొటో. కృష్ణ ఒడ్డున అరుదైన నీటికుక్కలను మొదటిసారి కనిపెట్టిన భౌతికశాస్త్ర అధ్యాపకుడట! నేను ఆ పేపరు పట్టుకుని స్టాఫ్ రూములోకి దూసుకుపోయాను.

"సార్, మొదటిసారా? మరి నేను చూసిందేంది?"

ఆయన టీ ఊదుకుంటూ శాంతంగా అన్నాడు: "మీరు చూసింది కుక్క మేడం. నేను చూసింది నీటికుక్క."

ఆ క్షణంలో నా చేతిలో పేపరు కాక ఇంకేదైనా ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

ప్రిన్సిపాల్ ఉప్పొంగిపోయి శనివారం పిల్లలందరినీ గ్రౌండులో కూర్చోబెట్టి, లెన్స్ సార్‌కు శాలువా కప్పి, మైకు ఇచ్చాడు. ఆయన లెన్సు గురించి, వెలుతురు గురించి బాగానే చెప్పాడు. అంతలో ముందు వరుసలో ఒక అమ్మాయి లేచి, "సార్, నీటికుక్క గుడ్లు ఏడ పెడ్తది?" అని అడిగింది. లెన్స్ సార్ కాసేపు ఆకాశం వైపు చూసి, "ఒడ్డు పొంటి ఇసుకల పెడ్తది" అన్నాడు.

నేను వెనక వరుసలో చేతులు కట్టుకుని, ఆయనతో జన్మలో మాట్లాడకూడదని కూర్చున్నదాన్ని. నాకు తెలియకుండానే లేచాను. "గుడ్లు పెట్టదు సార్! పిల్లల్ని కంటది! పాలిస్తది! బొరియల పెంచుతది!" అని అరుచుకుంటూ నడిచి వెళ్ళి మైకు అందుకున్నాను. ఆ తల్లి చేపను ఎలా పట్టుకుందో, తల నుంచి ఎందుకు తింటుందో, మీసాలతో మురికి నీళ్ళలో వేటను ఎలా పసిగడుతుందో, పిల్లల కీచుగొంతు ఎలా ఉంటుందో చెప్పుకుంటూ పోయాను. కోపంతో మొదలుపెట్టానేమో, ఎక్కడా తడుముకోలేదు. ముగించేసరికి గ్రౌండులో ఒక్క మొరుగుడు లేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి మళ్ళీ లేచి, "మేడం, గింత దగ్గర్నుంచి చూసింది మీరేనా?" అంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది లెన్స్ సారే. సెకండియర్ క్లాసు నా దగ్గరే ఉండిపోయింది. ఆయన తప్పు ఒప్పుకున్నాడా అంటే, లేదు. ఇవాళ్టికీ పొద్దున్నే ఒక పక్షి ఫొటోతో శుభోదయం పంపుతాడు, ఆ ఒక్క మాట తప్ప అన్నీ రాస్తాడు.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో ఉంటున్నాను. మొన్న బ్యాంకులో గుమాస్తా నా పేరు తప్పుగా పిలిచాడు. దిద్దాలని కూడా అనిపించలేదు. లేచి వెళ్ళి సంతకం పెట్టి వచ్చేశాను. బయట బండి తీస్తుంటే, ఆ ఏడాది చలికాలమంతా కోపంతో వెచ్చగా తిరిగిన పిల్ల ఒక్కసారి గుర్తొచ్చింది. తను ఉండుంటే ఆ కౌంటరు ముందు నిలబడి, నా పేరును అక్షరం అక్షరం పలికించి గానీ కదిలేది కాదు.