నోరు తెరిచిన మద్దిచెట్టు

మా కంట్రాక్టరు దగ్గర ఏదో ఇంగ్లిషు పుస్తకంలోంచి చింపిన బొమ్మలు ఉండేవి. పాతకాలంలో ఏదో చలిదేశంలో తీసిన ఫోటోలు. గుడిసెంత లావు చెట్టు మొదట్లో గొడ్డళ్లతో పెద్ద నోరు తెరిచి, ఆ నోట్లో మనుషులు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఒకడైతే తల కింద చెయ్యి పెట్టుకుని మంచం మీద ఉన్నట్టే పడుకున్నాడు. అందరికీ మీసాలున్నాయి, ఒక్కడికీ భయం లేదు.

అవి డెబ్బైల చివరి రోజులు. నాకు పెళ్లయి ఏడాది నిండలేదు. మాది తొర్రూరు దగ్గరి పల్లె. వరికోతలు కాగానే మామ, ఆయన కొడుకైన నా మొగుడు, ఇంకా కొందరు ములుగు అడవికి కూపు కొట్టడానికి పోయేవారు. కూపు అంటే కంట్రాక్టరు వేలంలో పాడుకున్న అడవి ముక్క. వండిపెట్టడానికి ఆ ఏడు నన్నూ వెంట తీసుకుపోయారు.

మామ మేస్త్రీ. ఏ చెట్టుకైనా మొదటి దెబ్బ ఆయనదే. ముందు మానుకు పసుపు రాసి, "తప్పైతే మన్నించు తల్లీ" అని దండం పెట్టేవాడు. ఆ దెబ్బ పడ్డాక చెట్టు నేలకు ఒరిగేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు, సద్దిమూట ముడి విప్పకూడదు. విప్పితే గొడ్డలి పట్టినవాణ్ణి చెట్టు మింగుతుందని వాళ్ల నమ్మకం. అందుకే పొద్దుగూకేలోపు పడదనుకున్న చెట్టు జోలికి పోయేవారు కాదు.

వాగు ఒడ్డున ఒక నల్లమద్ది ఉండేది. నలుగురు చేతులు కలిపినా అందని మాను. ముందు వైపు, చెట్టు ఒరగాల్సిన దిక్కున, గొడ్డళ్లతో నోరు తెరిచారు. వెనక వైపు నుంచి తండ్రీకొడుకులు జోడురంపంతో కోసుకుంటూ వచ్చారు. ఇంకో జానెడు కోస్తే పడుతుందనగా కంట్రాక్టరు జీపు దిగాడు, చేతిలో ఆ బొమ్మలతో.

"ఆపుండ్రి, ఆపుండ్రి! గిట్ల నోట్ల కూసోవెట్టి మీ ఫోటో తీపిస్త. రేపు పొద్దుగాల వరంగల్ నుంచి ఫోటో ఆయన వస్తాండు."

"నోరు తెరిచిన చెట్టును రాత్రి నిలవెట్టద్దు పటేలా," అన్నాడు మామ.

"ఒక్క రాత్రికేమైతది? గీ తెల్లోళ్లు కూసోలేదా? నువ్వేం ఫికర్ జెయ్యకు."

ఆ తెల్లవాళ్లు వెనక రంపం పెట్టకముందే కూర్చుని ఉంటారు. బొమ్మలో ముందు వైపే పడుతుంది, వెనక సంగతి ఎవరికి తెలుసు? కూలి ఇచ్చేవాడి మాట వేదం. చెట్టు వెనక్కి వాలకుండా వెనక కోతలో కట్టె మేకు ఒకటి దిగ్గొట్టి గుడిసెలకు వచ్చేశారు. మామ, ఆయన వెంట అందరూ ఆ పూట మంచినీళ్లతో సరిపెట్టారు. ఎంత ఆకలేసినా ఎవరూ ముద్ద ముట్టలేదు.

తెల్లవారేసరికి గాలి లేచింది. ఫోటో ఆయన వచ్చి కాస్త ఓరగా, ఒక పక్కన మూడుకాళ్ల మీద కెమెరా నిలబెట్టాడు. మామను, నా మొగుణ్ణి చెట్టు నోట్లో కూర్చోబెట్టాడు. మిగతావాళ్లను గొడ్డళ్లతో అటూ ఇటూ నిలబెట్టాడు.

"అమ్మా, నువ్వు ఫోటోల పడుతున్నవు. చెట్టెనకకు పో," అన్నాడు నాతో.

సద్దిమూట చంకలో పెట్టుకుని వెనక్కి పోయాను. అక్కడ కోత కనిపించింది. నిన్న రంపం రేకు మాత్రమే పట్టిన సందులో ఇప్పుడు నా వేలు పట్టేలా ఉంది. చూస్తుండగానే మేకు వదులై నా కాళ్ల దగ్గర పడింది.

"చెట్టు ఒరుగుతాంది! లేవుండ్రి!" అని అరిచాను.

"ఏందే లొల్లి? ఫోటో అయినంక చెప్పు," అన్నాడు కంట్రాక్టరు. ఫోటో ఆయన కదలొద్దన్నాడు. మామ పుట్టి బుద్ధెరిగాక కెమెరా ముందు కూర్చోవడం అదే మొదలు. నా అరుపు చెవిన పడిందో లేదో గానీ కన్ను కూడా ఆర్పలేదు. నా మొగుడు మాత్రం "నోర్ముయ్" అన్నట్టు గుడ్లురిమాడు.

వాడికి నా మాట లెక్కలేదు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. వాడికి కనిపించేలా పక్కకు వచ్చి నిలబడి, సద్దిమూట ముడి విప్పి, ఇంత జొన్న గట్క ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను.

"ఏం జేస్తున్నవే ముండా!" అని నన్ను కొట్టడానికి దూకాడు. వాడు నన్ను అందుకోకముందే వెనక ఫట్‌మని విరిగిన చప్పుడైంది. నిలబడ్డవాళ్లు తలో దిక్కు ఉరికారు. మామ చెట్టు నోట్లోనే ఉండిపోయాడు.

ఫోటో నా మొగుడు దూకుతున్న క్షణంలోనే పడిందట. మామకు వేరే ఫోటో లేదు కనుక దానికే దండ వేశాం. అందులో మామ నిటారుగా కూర్చుని ఉంటాడు. పక్కన నా మొగుడు ఉండాల్సిన చోట పొగలాంటి మరక ఉంటుంది.

చెట్టును ఆ రాత్రి నిలబెట్టమన్నవాడిని ఎవరూ ఏమీ అనలేదు. మూట విప్పింది కోడలు కనుక మామను మింగింది కోడలే అన్నారు. అత్త పోయేదాకా నా చేతి ముద్ద తినలేదు. నా మొగుడు కూడా అదే నమ్మాడు. పెత్రమాస అమావాస్యనాడు పోయిన పెద్దల పేర బియ్యం ఇచ్చి వచ్చి, కంచం ముందు కూర్చుని ప్రతి ఏడూ అంటాడు: "నువ్వు గా మూట ఇప్పకపోతే మా నాయిన ఉంటుండె."

మేకు ఊడిపడిన సంగతి మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. ఒళ్లు మండిపోతుంది. అయినా ఆ మాట అనడానికి మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు కదా అనుకుని, ఇంకొంచెం అన్నం వడ్డిస్తాను.